శుక్రవారానికి పాటదారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేసవి చివర్లో, ఉద్దానం ప్రాంతంలో, వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక తీరగ్రామంలో జరగబోయే ప్రత్యేక గ్రామసభకు నన్ను పర్యవేక్షణాధికారిగా వేశారు. అప్పటికి నేను పంచాయతీరాజ్ విస్తరణాధికారిని. జనం నోట ఈవో. ఎంపీడీవోకి కింద, పంచాయతీ కార్యదర్శులకు పైన ఉండే కుర్చీ అది. పైనుంచి వచ్చే మందలింపులు, కిందినుంచి వచ్చే విన్నపాలు దారిలో కలుసుకుని కాసేపు కూర్చునే చోటు. పదవీ విరమణ దగ్గర పడుతోంది. మిగిలిన కాలంలో నా పేరు ఏ పేపర్లోనూ రాకుండా ఉంటే చాలన్నది నా ఏకైక ఆశయం.

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఎందుకు రాశావని అడుగుతారు, రాయకపోతే ఎందుకు రాయలేదని అడుగుతారు. రెండో తగువు తొందరగా తెగుతుందని అనుభవం. సముద్రానికీ కొబ్బరి తోటలకీ మధ్య ఉన్న ఊరు. కొన్ని ఇళ్ళు వేట మీద, కొన్ని ఇళ్ళు కొబ్బరి, జీడి మీద బతుకుతాయి. ఊరి చివర దిబ్బ మీద తుఫాను షెల్టరు ఉంది. కింద స్తంభాలు, పైన ఒక పెద్ద హాలు, రెండు గదులు. తుఫాను వస్తే ఊరంతా అందులో ఉంటుంది. రానప్పుడు కింద వలలు, పైన జోగారావు అనే వ్యాపారి కొబ్బరికాయలు ఉంటాయి.

సభ ముందున్న అంశం ఆ రెండు గదులే. మానసిక జబ్బుకు వైద్యం చేయించుకుని నయమైనా వెళ్ళడానికి ఇల్లు లేక ఆసుపత్రుల్లోనే ఉండిపోతున్నవాళ్ళ కోసం ఒక ఆసరా ఇల్లు పెట్టాలని పైనుంచి ప్రయోగాత్మకంగా ఒక పథకం వచ్చింది. మందులు, నర్సు రాకపోకలు, ఇల్లు చూసుకునే ఒక మనిషి జీతం వైద్యశాఖ భరిస్తుంది. గదులు, కరెంటు, నీళ్ళు పంచాయతీ తన సాధారణ నిధి నుంచి ఇవ్వాలి. ఇంటి పన్నులు, వేలం పాటల మీద వచ్చే రాబడి చేరే హుండీ లాంటిది సాధారణ నిధి. దాని మీద ఊరికి హక్కు ఉంటుంది కాబట్టి ఊరి అనుమతి కావాలి. ఇక భోజనం సంగతి 'స్థానిక సహకారంతో' అని రాశారు. స్థానిక సహకారం అంటే ఆ పద్దుకి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదని అర్థం. సర్వీసంతా ఉత్తర్వులు చదివి నేను సొంతంగా తయారుచేసుకున్న నిఘంటువులో ఇది మొదటి పేజీ మాట.

తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం హాలు ఎప్పటిలాగే ఊరిది. అంటే ఆపద వచ్చినప్పుడు ఊరంతా ఆ ఇంటికి చుట్టాలుగా వెళ్తుందన్నమాట.

మామూలు గ్రామసభలో తీర్మానం కావడం పెద్ద పని కాదు. ముందుగా దండోరా వేయిస్తారు, నోటీసు అంటిస్తారు. సభ నాడు కార్యదర్శి అజెండా చదువుతాడు. ముందు వరస 'సరే' అంటుంది. వెనక వరస అప్పటికే లేచిపోతుంది. హాజరు పుస్తకంలో పడ్డ సంతకాలనే అంగీకారంగా రాసుకుంటాం. ఈసారి అది కుదరదన్నారు. చేతులెత్తించి లెక్కపెట్టాలి, దాన్ని వీడియో తీసి పంపాలి. ఈ ఊరు కాదంటే ఇల్లు వేరే మండలానికి పోతుంది. గడువు కూడా దగ్గర్లోనే ఉంది.

ఇల్లు పోతే ఎక్కువ నష్టపోయే మనిషి పేరు నీలమ్మ.

నీలమ్మ ఆ ఊరి మనిషే. తీరంలో చేపల వేలం పెట్టేది ఆవిడే. పడవలు రాగానే ఇసకలో చేపలు కుప్ప పోస్తారు, చుట్టూ కొనేవాళ్ళు చేరతారు, మధ్యలో నిలబడి ధర పిలవడానికి ఒక మనిషి కావాలి. సముద్రపు హోరు మీదుగా వినబడే గొంతు, ఎవరి చెయ్యి లేచినా పట్టుకునే కన్ను ఆ పనికి పెట్టుబడి. ఆవిడకు రెండూ ఉండేవి. భర్త పోయిన కొంతకాలానికి ఆవిడకు నిద్ర దూరమైంది, తర్వాత తిండి మానేసింది. వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డున ఊరకే పడి ఉండగా, ఒకనాడు ఖాళీ ఇసక మధ్య నిలబడి వేలం మొదలుపెట్టింది. చేపలు లేవు. కొనేవాళ్ళు లేరు. పొద్దస్తమానం ఆ గొంతు ఊళ్ళోకి వినబడుతూనే ఉంది. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు. అన్న వెంటబెట్టుకుని విశాఖలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

వైద్యం పనిచేసింది. డాక్టర్లు ఇక ఇంటికి వెళ్ళవచ్చన్నారు. ఏ ఇంటికి అన్నది వాళ్ళ శాస్త్రంలో లేదు. భర్త ఇల్లు మరుదుల చేతికి పోయింది. ఆవిడ అన్నకున్నది ఒంటిగది ఇల్లు, అందులో కొడుకు, కోడలు, మనవలు. ఊళ్ళో ఆసరా ఇల్లు వస్తే సరి, రాకపోతే ఎక్కడో మైదానపు జిల్లాలో ఉన్న ఆశ్రమానికి పంపాలి. అప్పుడు నీలమ్మ అడిగింది ఒకటేనట: "ఆడ సముద్రం ఉంతాదేటమ్మా?"

ఈ మాట నాకు చెప్పింది టెక్కలిలో మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ. ఈ ప్రతిపాదన వెనకాల తిరిగిందంతా ఆవిడే. సభ రోజున నీలమ్మను ఆసుపత్రి నుంచి సెలవు మీద, ఒక నర్సును తోడిచ్చి రప్పించారు. ఊరు తన గురించి మాట్లాడేటప్పుడు తను అక్కడ ఉండాలన్నది డాక్టరమ్మ పట్టుదల. నాకు నచ్చలేదు. నచ్చలేదని రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు కాబట్టి ఊరుకున్నాను.

దండోరా వేసిన నాడే జోగారావు నన్ను షెల్టరు దగ్గర పట్టుకున్నాడు. కొబ్బరి వ్యాపారి. పంచాయతీ స్థలంలోని కొబ్బరి చెట్ల కాపు ప్రతి ఏటా వేలంలో ఆయనకే పోతుంది. ఆయన పాడిన పాట మీద ఇంకొకరు పాడితే రక్తపోటు పెరిగే మనిషి.

"ఈవో బాబూ, నీలమ్మ మీద నాకు కోపమేటీ నేదు. ఇల్లెట్టండి, బంగళా ఎట్టండి. నా కాయలెక్కడెట్టమంతారో అది సెప్పండి. నా నెత్తి మీదెట్టుకోమంతారా?"

ఆ కాయలు ఇప్పుడున్న చోట ఉండడానికి అనుమతి ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన సముద్రం వైపు చూసి, గాలి తిరిగిందన్నాడు.

సభ సాయంత్రం షెల్టరు ముందే జరిగింది. సర్పంచ్ మహిళ. ఆవిడ తరఫున మాట్లాడే బాధ్యత మామూలుగా ఆవిడ భర్త తీసుకుంటాడు. ఆ రోజు ఆయనకు గొంతు పట్టేసి రాలేదు. ఆ మేరకు సభ ప్రజాస్వామికంగా జరిగింది. ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు, షెల్టరు మెట్ల మీద డాక్టరమ్మ, నర్సు, వాళ్ళిద్దరి మధ్య నీలమ్మ. ఆవిడ తల దించుకుని చేతి గాజులు సర్దుకుంటోంది. చుట్టుపక్కల మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ కావాలని దూరంగా జరగలేదు. అందరికీ ఒక్కసారిగా నేల మీద కూర్చోబుద్ధేసింది, అంతే.

కార్యదర్శి ప్రతిపాదన చదివాడు. 'స్థానిక సహకారం' దగ్గర సభ చెవులు నిక్కబొడుచుకున్నాయి. జోగారావు లేచాడు.

"కిడ్నీల జబ్బుతో ఊరు సగం సచ్చిపోతంది. దానికి దిక్కు నేదు గానీ, మనసు జబ్బుకి ఇల్లెట్టీమంతారేటి?"

అవునవునన్నారు చాలామంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గరున్న ఏ కాగితంలోనూ దానికి జవాబు లేదు. జవాబు ధర్మయ్య దగ్గర ఉంది. ఆయన డయాలసిస్ కోసం పలాస తిరిగే మనిషి. లేవడానికి ఓపిక లేక కూర్చునే మాట్లాడాడు.

"ఒరే జోగీ, నాను పలాస ఎల్లి ఆ మిషను కాడ తొంగుని వత్తాను గదా. వచ్చినంక నువ్వు బొండం కొట్టి తాగరా మావా అంతావు. డాక్టరు తాగొద్దన్నాడని తెలిసీ అంతావు. అది పేమో పగో నాకు తెల్దు గానీ, పలకరిత్తావు. అదీ జబ్బే, ఇదీ జబ్బే. మరి నీలమ్మనెవుడు పలకరించినాడు?"

జోగారావు కూర్చుంటూ, "జబ్బు సంగతి ఒగ్గీయండి. నా కాయల సంగతి తేల్చండి" అన్నాడు, కాస్త తగ్గిన గొంతుతో.

గాలి మనవైపు తిరిగిందనిపించింది. లేచి, ప్రతిపాదనకు అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు.

ఆడవాళ్ళు చేతులు పైట కిందికి లాక్కున్నారు. తల గోక్కోబోయిన ఒకాయన చెయ్యి భుజం దాకా వచ్చి, ఆలోచించుకుని, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ధర్మయ్య చెవి మీద దోమ వాలింది. అంతసేపు నీలమ్మ తరఫున మాట్లాడిన ఆ మనిషి దాన్ని కుట్టనిచ్చాడు గానీ చెయ్యి కదపలేదు. సరే, వద్దన్నవాళ్ళు ఎత్తమన్నాను. అప్పుడూ లేవలేదు. జోగారావు సైతం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కార్యదర్శి ఫోను పట్టుకుని, ఇప్పుడేం తీయమంటారన్నట్టు నా వైపు చూశాడు. డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. నీలమ్మ గాజులు సర్దుకోవడం ఆపేసింది.

తప్పు ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ స్థలంలోనే, ఆ జనానికే, ప్రతి ఏటా వేలం పెట్టింది నేనే. కొబ్బరి కాపు, సరుగుడు తోట, చెరువులో చేపలు, అన్నీ ఆ షెల్టరు ముందే పాడించాను. వేలంలో చెయ్యెత్తితే పాడినట్టు. ఎత్తిన చెయ్యి దించి, నేననలేదంటే ధరావతు పోతుంది. ధరావతు అంటే పాటకు ముందు కట్టే హామీ సొమ్ము. అదైనా మళ్ళీ సంపాదించుకోవచ్చు. చెయ్యెత్తి వెనక్కి తగ్గాడన్న పేరు వస్తే మాత్రం తీరంలో ఇంకెవరూ సరుకివ్వరు. ఊళ్ళో సంతకానికి అంత విలువ లేదు, సంతకాలు చాలామంది చాలాచోట్ల పెట్టారు. చెయ్యెత్తడం మాత్రం పూచీ. అలాంటి జనానికి స్థానిక సహకారం అని చదివి వినిపించి, అదెంతో చెప్పకుండా చేతులెత్తమన్నాను. ధర చెప్పని వేలంలో తెలివైనవాడు ఎవడు పాడతాడు?

ఈ సంగతి వివరిద్దామనే నోరు తెరిచాను. కానీ అదే చోటు, అదే జనం, అదే నిశ్శబ్దం. నా తల అలవాటు ప్రకారం ఎడమ నుంచి కుడికి తిరిగింది. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి మాట జారింది.

"ఒకటోసారి..."

"ఆగండి బాబూ!" అని వెనక వరసలోంచి ఒక ఆడగొంతు లేచింది. గురమ్మ. పలాస మార్కెట్టుకి చేపల తట్టలు వేసుకెళ్ళే వాళ్ళలో పెద్దతలకాయ. "పాట ఎంత కాడున్నాది? ఎవులు పాడినారు?"

ఇంకా ఎవరూ పాడలేదన్నాను.

"సరుకేటి మరి?"

ఇది గ్రామసభ అనీ, ఇక్కడ సరుకేమీ ఉండదనీ చెప్పవలసింది. చేతిలో కాగితం ఉంది. అందులో స్థానిక సహకారం కింద ఒక పట్టిక, మొదటి గడిలో ఒక మాట. ఆ మాటే చదివాను.

"సోమవారం భోజనం."

"సోమారం నాది" అని గురమ్మ చెయ్యి ఆకాశంలోకి లేచింది. "అన్నం, సేపల పులుసు. రాసుకోండి."

"అమ్ముడుపోని సేపలు తెత్తాది బాబూ, అది కూడా రాసుకోండి" అన్నాడు జోగారావు.

"నీ కుళ్ళుకాయల కన్నా నయమే బావా."

సభ ఘొల్లుమంది. వీళ్ళిద్దరిదీ పాత కథ. కొబ్బరి వేలంలో గురమ్మకు కాయలతో పనిలేకపోయినా రెండు మూడుసార్లు చెయ్యెత్తి, ఆయన పాట పెంచి, ఆయన ముఖం ఎర్రబడ్డాక తట్టెత్తుకుని వెళ్ళిపోయేది. ఆ పాత బాకీలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు జోగారావు చేతులు తొడల కిందనుంచి బయటికి వచ్చాయి.

"సోమారం నాది. పులుసు, దాని మీద కొబ్బరన్నం."

"పీతలు" అంది గురమ్మ.

"రొయ్యలు" అన్నాడు ఆయన.

"రొయ్యలు నువ్వెక్కడ తెత్తావు? నా కాడే కొనాల. నీకు అమ్మను."

సోమవారం గురమ్మకు ఖాయమైంది. వాళ్ళను అలాగే వదిలితే ఆసరా ఇంట్లో మంత్రులకు పెట్టే విందు జరిగేలా ఉందని డాక్టరమ్మ అడ్డుపడి, మామూలు మనుషులు తినే తిండి చాలన్నారు. నేను వేలం అధికారిగా రెండు షరతులు పెట్టాను. ఒకరికి ఒక్క రోజే. చెప్పినదానికంటే ఎక్కువ తెస్తే ఒప్పుకోం. నేను మంగళవారం అని పూర్తిగా అనకముందే జోగారావు "నాది, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని తనకు తానే ఖాయం చేసుకున్నాడు. పాటదారు తన పాట తను కొట్టుకోకూడదని రూలు చెప్పి, మళ్ళీ నా నోటితో కొట్టాను.

బుధవారం ధర్మయ్య ఎత్తాడు. తినకూడదని డాక్టర్లు తనకు రాసిచ్చినవన్నీ వండిస్తానన్నాడు. "నాను తిననేను. ఎవులో ఒకరు తింతంటే పక్కన కూకుని సూడాలనున్నాది." గురువారం ఒక పడవవాళ్ళు తీసుకున్నారు. శనివారం జీడిపప్పు పనికి పలాస వెళ్ళే ఆడవాళ్ళు కలిసికట్టుగా ఎత్తారు. ఒక్క రోజుకి అన్ని చేతులేమిటంటే, "మాది కంపెనీ బాబూ" అన్నారు. ఆదివారం చర్చి సంఘం స్త్రీలు, ఇంకెవరూ పాడనక్కర్లేదు, ప్రార్థన కాగానే ఎలాగూ వండుతామని ముందే తేల్చేశారు. ఈలోగా గదుల్లో కాయలు తీయడానికి మేమంతా వస్తాం, కూలి అక్కర్లేదు అని గురమ్మ ఇంకో పాట పాడింది. "నా కాయలు నానే తీసుకుంతాను. నీ సెయ్యి పడితే గదితోపాటు కాయలూ ఖాళీ అవుతాయి" అని జోగారావు ఎగిరిపడ్డాడు. ఎగిరిపడుతూ తను ఏం ఒప్పుకున్నాడో కార్యదర్శి ఫోనులో శుభ్రంగా పడింది.

శుక్రవారం మిగిలింది.

శుక్రవారం ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో నీచు వండరు. పప్పు, కూరగాయలు పెట్టాలి. రొయ్యలు, పీతలు ఎగిరిన సభలో ముద్దపప్పు పాడడానికి ఎవరికీ పౌరుషం రాలేదు. ఒకసారి పిలిచాను, మళ్ళీ పిలిచాను. నువ్వెత్తు అంటే నువ్వెత్తు అని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. డాక్టరమ్మ లేచి, ఈ మందులు ఖాళీ కడుపుతో వేసుకోకూడదని, శుక్రవారం నాడు మందులకు సెలవు ఉండదని చెప్పారు. జోగారావు సందేహం వెలిబుచ్చాడు.

"ఒక గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం పైన ఒప్పుకోరు గదా బాబూ?"

ఒప్పుకోరు. ఆయనన్నది అక్షరాలా నిజం. ఏడు గడుల్లో ఆరు నిండిన పట్టిక మా శాఖలో నిండని పట్టికే. రొయ్యలు గెలిచి పప్పు దగ్గర ఓడిపోయిన ఊరిగా చరిత్రలో మిగిలిపోయే ప్రమాదం ఉంది. నీలమ్మ ఏ జిల్లాకు పోతుందో ఆ పప్పు మీద ఆధారపడి ఉంది. సభ నిండా గోల. నా మాట నాకే వినబడడం లేదు. నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటూ చెయ్యి పైకెత్తాను.

"శుక్కురారం, ఈవో బాబు! ఒకటోపాలి!"

మెట్ల మీదనుంచి వచ్చింది ఆ గొంతు. సభ మొత్తం అక్కడికక్కడ ఆగిపోయింది. ఆ గొంతు ఆ ఊరు చివరిసారి విన్నది ఖాళీ ఇసక మీద. వెనక వరసలో ఒక తల్లి బిడ్డను దగ్గరికి లాక్కుంది. నర్సు లేవబోయింది. డాక్టరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. నీలమ్మ లేచి నిలబడి ఉంది. తల ఎత్తి ఉంది. చూపు ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క ముఖం మీదా ఆగుతూ వెళ్ళింది.

"రెండోపాలి!"

నా చెయ్యి ఇంకా పైనే ఉంది. నీలమ్మ ఆ ముఖాలన్నీ చూసి, వాటి మీద ఉన్నదేమిటో చదువుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటలా సూత్తారు? ఆ పాలి సరుకూ నేదు, పాడినోలూ నేరు. ఈ పాలి రెండూ ఉన్నాయి గదా!"

మొదట నవ్వింది గురమ్మ. ఆవిడ నవ్వు మామూలుగానే రెండు వీధులకు వినబడుతుంది. తర్వాత ధర్మయ్య. ఆ తర్వాత ఎవరెవరో చెప్పలేను. సభ మొత్తం ఒక్క పడవలా ఊగింది. బిడ్డను లాక్కున్న తల్లి నవ్వుతూ, బిడ్డ ఎందుకో తెలియకుండానే నవ్వుతూ. నీలమ్మ అన్న ఒక్కడు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తీరా చూస్తే అతని భుజాలూ ఊగుతున్నాయి.

"మూడోపాలి! అయిపోనాది!" అంది నీలమ్మ.

చెయ్యి దించితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రూలు ఏటా చదివి వినిపించింది నేనే. నిశ్శబ్దం కోసం ఎత్తానని చెబుదామా అనుకున్నాను. వేలంలో దోమను తోలుకోవడానికి చెయ్యెత్తి కొబ్బరి కాపు మీద పాడేసిన ఒకాయనకు నేను ఇదే విషయంలో ఇచ్చిన సమాధానం గుర్తొచ్చి మానుకున్నాను.

అప్పుడు అసలు తీర్మానం మళ్ళీ చదివించాను. గదులు, కరెంటు, నీళ్ళు, ఇల్లు. చేతులన్నీ లేచాయి. జోగారావు రెండూ ఎత్తాడు, ఒకటి ఇంటికి, ఒకటి మంగళవారానికి అన్నాడు. ఒకటే లెక్కపెట్టాను. వద్దన్నవాళ్ళెవరని అడిగితే గురమ్మ ఆయన వైపు చూసింది. ఆయన చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. డాక్టరమ్మ ఫైల్లో ఏదో రాసుకున్నారు. ఏమిటని తర్వాత అడిగితే, "హాస్యం బాగా పనిచేస్తోంది అని రాశానండీ, మాకు అది మంచి లక్షణం" అన్నారు. మా శాఖలో అది చార్జిమెమో ఇవ్వదగ్గ లక్షణమని చెప్పాను.

మెమో వచ్చింది కూడా. వీడియో చూసిన జిల్లా కార్యాలయం, గ్రామసభను వేలం పద్ధతిలో జరిపే అధికారం ఏ నిబంధన కింద సంక్రమించిందో తెలపాలని అడిగింది. నిబంధనల్లో చేతులెత్తించి లెక్కించాలని ఉందనీ, ఎందుకెత్తారో విచారించమని లేదనీ, వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదనీ రాశాను. నోటీసు, కోరం, తీర్మానం అన్నీ సక్రమంగా ఉండడంతో ఫైలు మూసేశారు. మూసే ముందు ఒక పెద్ద అధికారి ఫోను చేసి, ఆ రొయ్యల దగ్గరి ముక్క ఇంకోసారి పంపగలరా అని అడిగారు.

వానలు మొదలయ్యేలోపు గదులకు సున్నం పడింది. కాయలు జోగారావే తీసుకున్నాడు, గురమ్మ కుర్చీ వేసుకుని చూసింది. నీలమ్మతో పాటు ఇంకా కొందరు వచ్చి చేరారు. ఇప్పుడు పడవలు వచ్చే వేళకు ఇసకలో వేలం పెట్టేది మళ్ళీ నీలమ్మే. మంగళవారం జోగారావు కొబ్బరన్నం తెచ్చి, వెంటనే వెళ్ళకుండా, నిన్నటి పులుసు ఎలా ఉందని అందరినీ వాకబు చేస్తాడు. ఆ మధ్య తుఫాను హెచ్చరిక వస్తే ఊరంతా హాలుకు చేరింది. ఆసరా ఇంటివాళ్ళే గంజి కాచి అందరికీ పోశారట. గంజిలో ఉప్పు తక్కువైందని జోగారావు అన్నాడట. చుట్టంగా వచ్చినవాడు పెట్టింది తినాలని నీలమ్మ చెప్పిందట.

నేను పదవీ విరమణ చేసి టెక్కలిలో ఉంటున్నాను. శుక్రవారం పొద్దున్నే కందిపప్పు, వంకాయలు, ఆనపకాయ సంచిలో వేసుకుని బస్సెక్కుతాను. వెళ్ళలేని వారం అటు వెళ్ళే వాళ్ళెవరికైనా ఇచ్చి పంపుతాను. సర్వీసులో ఉండగా ఇంటికి ఒక్కనాడు కూర తేని మనిషి ఇప్పుడు ఉద్దానానికి తీసుకెళ్తున్నాడని మా ఆవిడ అందరితోనూ చెబుతుంది. వంకాయలు ముదిరాయని నీలమ్మ ఒకటి రెండుసార్లు సరుకు వెనక్కి ఇచ్చింది. విరమణ అయింది కదా, పాట వదిలేయకూడదా అని ఒకరు అడిగారు. పాటకు విరమణ వయసు ఏ నిబంధనలోనూ లేదు.

ఆ సభ వల్ల నాకు తెలిసింది ఇది. ఆఫీసులో మేము ఎత్తిన చేతుల్ని అభిప్రాయాల కింద లెక్కపెట్టి, లెక్క పంపి, ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. అభిప్రాయం ఎవరికీ అన్నం వండదు. ఆ ఊరు చేతుల్ని పూచీ కింద లెక్కపెట్టుకుంది కాబట్టే ముందు ఒక్కటీ లేవలేదు, తర్వాత లేచినవి ఇప్పటికీ దిగలేదు. ఏ తీర్మానమైనా జనం ముందు పెట్టేటప్పుడు, అవునా కాదా అని అడిగే ముందు, ఇందులో నీ వంతు ఏది అని విడమరిచి అడగాలి. అడిగే అధికారి ఆ సమయంలో తన చేతులు జేబులో పెట్టుకోవడం మంచిది.